గ్యారేజీలో వీణ గది: కౌన్సిల్ పర్మిషన్ దగ్గర్నుంచి లోపలి గోడల దాకా

2024 జనవరి

ముందు సైటు సంగతి చెప్పేస్తా. లండన్‌కి పడమర వైపు ఎం4 మోటర్‌వే పక్కన ఒక టౌను, 1998లో పర్మిషన్ వచ్చిన ఎస్టేటు (ఒక బిల్డర్ కట్టిన ఇళ్ళ కాలనీ), మూడు బెడ్రూముల ఇల్లు, దాని పక్కనే అతుక్కుని కొంచెం వెనక్కి జరిగి ఒక సింగిల్ గ్యారేజీ. లోపల వెడల్పు రెండున్నర మీటర్లు, పొడవు ఐదు మీటర్ల పైన కాస్త. గోడలు ఒంటి ఇటుక వరస, ఇక్కడి వాళ్ళు సింగిల్ స్కిన్ అంటారు, మధ్యలో బలానికి ఒక చిన్న ఇటుక స్తంభం, పైన పెంకులు, ముందు పైకి లేచే ఇనప డోరు, లోపల్నుంచి యుటిలిటీలోకి ఒక ఫైర్ డోరు. కారు తప్ప అన్నీ ఉన్నాయి అందులో. సూట్‌కేసులు, పిల్లాడి పాత సైకిలు, గ్రైండర్ వచ్చిన అట్టపెట్టె (గ్రైండర్ పాడైపోయింది, పెట్టె మాత్రం ఉంది), ఆవకాయ జాడీలు.

మా ఆవిడ వీణ నేర్పుతుంది. ఎక్కువ ఆన్‌లైన్లోనే, శనివారం పొద్దున మాత్రం చుట్టుపక్కల పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఇంటికొస్తారు. ఇప్పుడు క్లాసు జరిగేది ఫ్రంట్ రూములో, ఆవిడ మంద్రంలో మీటు వేసి "గమకం వినమ్మా" అనే టైముకి సరిగ్గా వంటింట్లో కుక్కరు కూత వేస్తుంది, అవతల స్క్రీన్ మీద అమెరికాలో ఉన్న పిల్ల పకపకా నవ్వుతుంది, ఆ నవ్వుకి ఇవతల నా కొడుకు పరిగెత్తుకొస్తాడు, ఇక ఆ రోజుకి క్లాసు గంగలో కలిసినట్టే.

ఇంకో ఇబ్బంది వీణతోనే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేయించింది, ఒకే పనస దుంగలోంచి చెక్కిన ఏకాండి వీణ, మావగారు పెళ్ళిలో ఇచ్చారు. దాని 24 మెట్లూ మైనం మీద పరిచి ఉంటాయి, గట్టి మేకులూ స్క్రూలూ ఏమీ ఉండవు, మైనమే ఆధారం. ఇంట్లో చలికాలం రేడియేటర్ల వేడికి గాలి ఎండిపోతుంది, కర్ర బిగుసుకుంటుంది, మైనం ఒకచోట మెత్తబడి తారస్థాయి వైపు రెండు మెట్లు కొంచెం కుంగాయి, అక్కడ వేలేస్తే స్వరం బదులు జీర పలుకుతోంది. మెట్లు మళ్ళీ కట్టేవాళ్ళు ఇక్కడ వీధికొకరు దొరకరు కదా. కాబట్టి కావల్సింది ఉత్త గది కాదు, తేమా వేడీ మన చేతిలో ఉండే గది.

గ్యారేజీనే వీణ గదిగా మారుద్దామనుకుంటున్నాం, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) పర్మిషన్ సంగతి చూడాలి అని మావగారికి వీడియో కాల్లో చెప్తే ఆయన విజయనగరం యాసలో ఒకటే మాట. "అల్లుడుగారూ, మనింట్లో మనం గోడ కట్టుకోడానికి ఆళ్ళని అడగడవేటండీ?" నేను నవ్వేసి ఊరుకున్నా గానీ, నిజానికి జనవరి మొత్తం ఆ ప్రశ్నకి సమాధానం వెతకడంతోనే సరిపోయింది.

ఫిబ్రవరి

ఇంగ్లండ్ రూల్సు పైపైన చూస్తే మన పక్షానే ఉన్నట్టుంటాయి (స్కాట్లండ్, వేల్స్ వాళ్ళవి వేరు, ఇవి అక్కడ పనికిరావు). 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ యాక్ట్‌లో 55వ సెక్షన్ ఏమంటుందంటే, బిల్డింగు లోపల మాత్రమే చేసే మార్పు అసలు "డెవలప్‌మెంట్" కిందకే రాదు, ఇంటి ఆవరణని ఇంటి అవసరాలకి అనుబంధంగా వాడుకోవడం కూడా రాదు. మరి ఇనప డోరు పీకేసి అక్కడ గోడా కిటికీ పెడితే బయటి రూపు మారుతుంది కదా అంటే, దానికి 2015లో తెచ్చిన జనరల్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఆర్డర్ ఉంది, అందులో షెడ్యూల్ 2, పార్ట్ 1, క్లాస్ ఏ. కొత్తగా కట్టేది పాత ఇంటి రూపుకి దగ్గరగా ఉంటే చాలు, అప్లికేషన్ పెట్టకుండానే పర్మిషన్ ఉన్నట్టు లెక్క.

నెట్‌లో చదివి రంగంలోకి దిగేవాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోయి బిల్డర్‌కి ఫోన్ కొట్టేస్తారు. అదే ఆర్డర్లో ముందు పేజీల్లో ఆర్టికల్ 3 అని ఒకటుంది, దాని నాలుగో పేరా మొత్తం కథ మార్చేస్తుంది: పాత పర్మిషన్‌కి తగిలించిన కండిషన్ ఏదైనా ఉంటే, ఈ ఆర్డర్ ఇచ్చే సౌకర్యం ఆ కండిషన్‌కి ఎదురు వెళ్ళకూడదు. అంటే ఎస్టేటు కట్టినప్పుడు కౌన్సిల్ బిల్డర్‌కి ఇచ్చిన డెసిషన్ నోటీసు తీసి చదవాల్సిందే, తప్పదు. కౌన్సిల్ వెబ్‌సైట్లో ప్లానింగ్ రిజిస్టర్ ఉంటుంది, మన పోస్ట్‌కోడ్ కొడితే మొత్తం చరిత్ర వస్తుంది, కానీ మా ఎస్టేటు కాగితాలు అంత పాతవి స్కాన్ చేసి లేవు, రికార్డ్స్ వాళ్ళకి మెయిల్ పెడితే మైక్రోఫిష్ (పాత కాగితాలని చిన్నగా ఎక్కించిన ఫిల్ము) నుంచి తీసిన మసక మసక పీడీఎఫ్ పంపించారు.

జూమ్ చేసుకుని చదివా. డ్రైనేజీ, చెట్లు, ఇటుకల శాంపిళ్ళు, అన్నీ దాటాక చివర్లో ఉంది. తెలుగులో చెప్పాలంటే, ఈ గ్యారేజీలని ఎల్లవేళలా వాహనాలు పెట్టుకోడానికే అందుబాటులో ఉంచాలి, ఇంకే పనికీ వాడకూడదు. కింద కారణం కూడా రాస్తారు వీళ్ళు, అది మంచి అలవాటు: రోడ్డు మీద పార్కింగ్ పెరిగి రాకపోకలకి అడ్డం పడకుండా ఉండడానికట.

అప్పుడు తలకెక్కింది నాకు. నా దృష్టిలో అది నాలుగు గోడల ఖాళీ గది, కౌన్సిల్ లెక్కలో మాత్రం అది గదే కాదు, ఎస్టేటు ప్లాన్ పాస్ చేసేటప్పుడు లెక్కలో చూపించిన ఒక పార్కింగ్ స్థలం, దానికి ఊరికే గోడలూ కప్పూ ఉన్నాయంతే. నేను అడగాల్సింది గోడ కట్టుకోవచ్చా అని కాదు, ఆ స్థలం లెక్కలోంచి తీసేస్తే కారు ఎక్కడికి పోతుంది అని. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల కింద స్టిల్ట్ పార్కింగ్‌లో గది కట్టి అద్దెకిస్తే వచ్చే గొడవా ఇదే, సూత్రం ఒకటే, కాకపోతే ఇక్కడ సొంతింట్లో ఒక్క కారు గదికి కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

ఫ్రెండ్స్ గ్రూపులో అడిగితే వచ్చే సలహా తెలిసిందేగా. "బాబాయ్, కట్టెయ్, ఎవడొచ్చి చూస్తాడు, నాలుగేళ్ళు దాటితే రెగ్యులరే." ఈ నాలుగేళ్ళ మాట మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. కండిషన్ ఉల్లంఘనకి మామూలుగా ఎప్పుడూ పదేళ్ళే. మిగతా కట్టడాలకి ఉన్న నాలుగేళ్ళ గడువు కూడా 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండ్‌లో పోయింది, ఆ తర్వాత పూర్తయిన పనులన్నిటికీ పదేళ్ళే. పైగా కండిషన్ మీరితే కౌన్సిల్ బ్రీచ్ ఆఫ్ కండిషన్ నోటీసు ఇవ్వగలదు, దాని మీద అప్పీలే లేదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ (లాయరు) అడిగే మొదటి కాగితం ఈ పర్మిషనే. అందుకని కట్టేసి కూర్చోవడం అనే దారి వదిలేశా.

మార్చి

ప్లానింగ్ ఒక్కటే కాదు, ఇంటి టైటిల్లో కూడా అడ్డంకులు ఉండొచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీ సైటులో 3 పౌండ్లకి టైటిల్ రిజిస్టర్ కాపీ డౌన్‌లోడ్ చేశా (తర్వాత 2024 డిసెంబర్‌లో 7 చేశారు). అందులో కవెనెంట్లు ఉంటాయి, అంటే మొదట అమ్మిన బిల్డర్ పెట్టిన షరతులు: ఇంటి ముందు కంచె కట్టకూడదు, కారవాన్ పెట్టకూడదు, కోళ్ళు పెంచకూడదు. గ్యారేజీ ప్రైవేటు కారుకే అని కొన్ని ఎస్టేటుల్లో ఇక్కడ కూడా రాస్తారు, మాదాంట్లో ఆ లైను లేదు. ఉంటే మాత్రం కౌన్సిల్ ఓకే అన్నా అది అలాగే ఉంటుంది, రెండూ వేర్వేరు దార్లు, ఒకటి దొరికితే రెండోది దొరికినట్టు కాదు.

ఇప్పుడు ఏ అప్లికేషన్ పెట్టాలి? చాలామంది లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికేట్ పెట్టమన్నారు, అది పర్మిషన్ అక్కర్లేదు అని కౌన్సిల్ చేత రాయించుకునే కాగితం, ఫీజు కూడా మామూలు అప్లికేషన్లో సగం. కండిషన్ లేని ఇళ్ళకి అది బంగారం లాంటి కాగితం. మాకు పెడితే కాదనడం ఖాయం, ఎందుకంటే కండిషన్ ఉంది కదా, పర్మిషన్ అక్కర్లేదని ఎలా రాస్తారు. మాకు కావల్సింది 73వ సెక్షన్ కింద అప్లికేషన్, అంటే పాత పర్మిషన్ అలాగే ఉంచి అందులో ఒక కండిషన్ తీసేయమనో మార్చమనో అడగడం. ఫీజు అప్పట్లో (2024లో) 293 పౌండ్లు, పోర్టల్ సర్వీస్ ఛార్జీ దాని మీద వేరే. ఆ తర్వాత 2025 ఏప్రిల్ నుంచి ఫీజులన్నీ మళ్ళీ మారాయి కాబట్టి నా అంకె చూసి బడ్జెట్ వేసుకోకండి.

వాదన ఏం రాయాలి అని టేపు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళా. సామానంతా ఒక పక్కకి నెట్టి కారు లోపలికి తోలా, అద్దాలు మడిస్తే గానీ డోరు ఫ్రేము దాటలేదు, ఒక పక్కన టైరు గోడకి నాలుగు వేళ్ళ దూరం, ఇవతల నా తలుపు తెరిస్తే మధ్యలో ఉన్న ఇటుక స్తంభానికి తగిలి జానెడు సందు మిగిలింది. సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, డిక్కీ లోంచి పాక్కుంటూ బయటికొచ్చా, మావాడు అదంతా వీడియో తీసి మావగారికి పంపాడు. ఆయన అది చూసి ఏమన్నారో ఇక్కడ రాయను.

చెప్పొచ్చేదేంటంటే ఇదే మా వాదనకి ప్రాణం. కొత్త రూల్సులో చాలా కౌన్సిళ్ళు లోపల కొలత 3 మీటర్లు బై 6 మీటర్లు ఉంటేనే గ్యారేజీని పార్కింగ్ కింద లెక్కేస్తాయి. మాది ఆ లెక్కన పార్కింగే కాదు. ప్లానింగ్ కండిషన్ అంటే ఆరు పరీక్షలు నెగ్గాలని నేషనల్ పాలసీలోనే ఉంది, అవసరమై ఉండాలి, ప్లానింగ్‌కి సంబంధించి ఉండాలి, ఆ కట్టడానికి సంబంధించి ఉండాలి, అమలు చేయగలిగేలా ఉండాలి, స్పష్టంగా ఉండాలి, న్యాయంగా ఉండాలి. కారు పట్టని గదిలో కారే పెట్టాలనడం మొదటిదాంట్లోనూ చివరిదాంట్లోనూ తేలిపోతుంది కదా. దీన్ని ఒక పేజీ ఉత్తరంగా రాశా, తలుపు సందు ఫొటో టేపుతో సహా జత చేశా.

ఏప్రిల్

డ్రాయింగులు వేసే ఆయన్ని పెట్టుకున్నాం. 1:1250 లొకేషన్ ప్లాన్, 1:500 బ్లాక్ ప్లాన్, ఇప్పుడున్న ఫ్లోర్ ప్లానూ రాబోయేదీ, ఇంటి ముందువైపు ఎలివేషన్ (బయటి రూపు బొమ్మ). మ్యాపు ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) లైసెన్స్ ఉన్నదే అయ్యుండాలి, గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్ పెడితే వెనక్కి కొట్టేస్తారు. సైటు చుట్టూ ఎర్ర గీత గీయాలి. ఆయన ఇల్లూ గ్యారేజీ చుట్టూ చక్కగా గీసి డ్రైవ్‌వే చివర రోడ్డు దాకా గీయకుండా వదిలేశాడు, దానికి ఇన్‌వాలిడ్ అని ఉత్తరం వచ్చింది, ఎందుకంటే ఎర్ర గీత పబ్లిక్ రోడ్డుని తాకాలి. వాలిడేట్ అయ్యేదాకా ఎనిమిది వారాల గడియారం మొదలవదు, అది గుర్తుంచుకోవాలి.

ఫారంలో ఒక చోట బయోడైవర్సిటీ నెట్ గెయిన్ అని ప్రశ్న ఉంది, అంటే కట్టడం వల్ల అక్కడి మొక్కలూ జీవాలూ ముందుకంటే పెరగాలన్న రూలు. చిన్న సైట్లకి 2024 ఏప్రిల్ 2 నుంచి కొత్తగా వచ్చింది, మనకి వర్తించదని కారణంతో సహా రాయాలి. అసలు పర్మిషన్ ఆ చట్టం రాకముందుది కాబట్టి 73 కింద పెట్టేదానికి మినహాయింపు. మా గ్యారేజీలో బయోడైవర్సిటీ అంటే సాలీళ్ళే, అవి ఎటూ నష్టపోవు, అట్టపెట్టె లాఫ్టులోకి మారుతుంది అంతే.

ఆఖరికి వాలిడేట్ అయింది, కేస్ ఆఫీసర్ (మా అప్లికేషన్ చూసే కౌన్సిల్ ఉద్యోగి) పేరుతో మెయిల్ వచ్చింది, అప్లికేషన్ అంతా కౌన్సిల్ సైటులో పెట్టారు, మా గ్యారేజీ లోపలి ఫొటోలు కూడా, ఆవకాయ జాడీలతో సహా ఊరందరూ చూడొచ్చు.

మే

చుట్టుపక్కల ఇళ్ళకి ఉత్తరాలు వెళ్ళాయి, 21 రోజుల గడువు. ఎదురింటి పెద్దాయన నుంచి అభ్యంతరం వచ్చింది. ఆయనతో మాకు గొడవేమీ లేదు, దీపావళికి మిఠాయిలిస్తే మర్నాడు థాంక్స్ కార్డు వేసే మనిషి. రాసిందేంటంటే, శనివారం ఇప్పటికే పిల్లల్ని దింపే కార్లు వస్తున్నాయి, స్టూడియో వస్తే ఇది మ్యూజిక్ స్కూల్ అయిపోతుంది, నా డ్రైవ్ ముందు కార్లు ఆపుతారు. మా ఆవిడ చదివి "ఆయన రాసినదాంట్లో అబద్ధమేముందండీ" అంది. అబద్ధం లేదు, శనివారం కార్లు వచ్చే మాట నిజమే.

అదే వారం హైవేస్ (రోడ్ల శాఖ) వాళ్ళ కామెంటు. మూడు బెడ్రూములకి రెండు పార్కింగులు చూపించాలి, గ్యారేజీ పోతే రెండూ డ్రైవ్‌వే మీదే. మా డ్రైవ్ ఒకదాని వెనక ఒకటి రెండు కార్లు పట్టేంత పొడవుంది, ఫుట్‌పాత్ నుంచి గ్యారేజీ డోరు దాకా 9.8 మీటర్లు. పాత లెక్క ప్రకారం ఒక కారు స్థలం 2.4 బై 4.8, అంటే రెండింటికి 9.6, హాయిగా సరిపోతుంది. కానీ మా దగ్గర ఇప్పుడు నడిచే లెక్క 2.5 బై 5, రెండింటికి 10 మీటర్లు. ఇరవై సెంటీమీటర్లు తక్కువ! జానెడు. గ్యారేజీలో కారు తలుపు దగ్గర మిగిలిందీ జానెడే, అక్కడది మాకు సాయం చేసింది, ఇక్కడిది కొంపముంచేలా ఉంది.

డ్రాయింగ్ ఆయన దీనికి మంచి ఉపాయం చెప్పాడు, ఎర్ర గీత కోపం అప్పుడు పోయింది నాకు. డ్రైవ్ పక్కన ఇంటి ముందు ఒక పూలపాదు ఉంది, మీటరు పైచిలుకు వెడల్పు. దాన్ని తీసేసి గ్రావెల్ వేస్తే రెండో కారు మొదటిదాని సరిగ్గా వెనక కాకుండా కొంచెం పక్కకి జరిగి నిలబడుతుంది, అప్పుడు పొడవు రెండు చోట్లా ఐదు మీటర్లు వచ్చేస్తుంది. రోడ్డు దగ్గర కార్లు ఎక్కడానికి కెర్బు (ఫుట్‌పాత్ అంచు) దించిన చోటు మార్చక్కర్లేదు, అది మారిస్తే 1980 హైవేస్ యాక్ట్ 184వ సెక్షన్ కింద ఇంకో అనుమతి, ఇంకో ఫీజు. గ్రావెలే ఎందుకంటే, 2008 అక్టోబర్ నుంచి ఇంటి ముందు 5 చదరపు మీటర్ల పైన గట్టి నేల వేస్తే నీళ్ళు అందులోంచి ఇంకాలి, లేదా మన స్థలంలోనే మట్టిలోకి పారాలి, కాంక్రీటు పోసి నీళ్ళు వీధిలోకి వదిలితే దానికి మళ్ళీ ప్లానింగ్ పర్మిషన్ కావాలి. గ్రావెల్‌కి ఆ బాధ లేదు. రివైజ్డ్ ప్లాన్ పంపాం, హైవేస్ నుంచి "అభ్యంతరం లేదు, ఆ రెండు స్థలాలూ అలాగే ఉంచితే" అని వచ్చింది.

మా ఆవిడ పూలపాదులో ఉన్న గులాబీ మొక్కల్ని వెనక తోటలోకి మార్చింది. మే నెలలో గులాబీలు మార్చకూడదట, ఆ సంగతి నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

జూన్

కేస్ ఆఫీసర్ వచ్చి చూసింది, చిన్నమ్మాయి, టేపుతో తనే కొలుచుకుంది. అడిగిన ప్రశ్నల్లో గోడ గురించి ఒక్కటి లేదు. ఎంతమంది పిల్లలొస్తారు, ఒకేసారి ఎంతమంది ఉంటారు, ఏ టైము, బయటి టీచర్లు ఎవరన్నా వస్తారా, బోర్డు పెడతారా, స్పీకర్లుంటాయా. మా ఆవిడ వీణ తీసి రెండు నిమిషాలు వాయించింది, మైకు లేకుండా వీణ శబ్దం పక్క గదికే సరిగ్గా వినపడదు, ఆ అమ్మాయి బయట ఫుట్‌పాత్ మీద నిలబడి విని లోపలికొచ్చి నోట్సు రాసుకుంది.

ఇంట్లో పని చేసుకోవడం గురించి ఇక్కడ రూలు ఏంటంటే, ఇల్లు ఇల్లులా ఉన్నంతకాలం పర్లేదు. జనం రాకపోకలు బాగా పెరిగితే, చుట్టుపక్కల వాళ్ళకి చప్పుడో వాసనో ఇబ్బంది అయితే, ఇళ్ళ మధ్య మామూలుగా జరగని పని జరుగుతుంటే, అప్పుడది "మెటీరియల్ ఛేంజ్ ఆఫ్ యూజ్", దానికి వేరే పర్మిషన్. ఫలానా సంఖ్య దాటితే అని ఎక్కడా గీత ఉండదు, మొత్తం మీద చూసి తేలుస్తారు. అందుకే మేం మాటల్లో వదిలేయకుండా కాగితం మీద రాసిచ్చాం: ఒకసారికి ఒక్క పిల్లే, మధ్యలో పావుగంట ఖాళీ కాబట్టి ఒక కారు వెళ్ళాకే ఇంకోటి వస్తుంది, మా కారు ఒకటి శనివారం పొద్దున పక్క వీధిలో కాకుండా స్టేషన్ కార్ పార్క్‌లో పెడతాం, పిల్లల్ని దింపేవాళ్ళు మా డ్రైవ్ మీదే ఆపుతారు. ఎదురింటి పెద్దాయనకి అదే కాగితం నేనే ఇచ్చొచ్చా. ఆయన అభ్యంతరం వెనక్కి తీసుకోలేదు, కానీ చూడగానే "పావుగంట" దగ్గర వేలు పెట్టి తలూపాడు.

నెలాఖరుకి డెసిషన్ వచ్చింది, ఒక్క అభ్యంతరమే కాబట్టి కమిటీకి వెళ్ళకుండా ఆఫీసర్ స్థాయిలోనే తేలింది. పాత కండిషన్ పోయింది, దాని బదులు రెండు కొత్తవి. ఒకటి, ప్లాన్‌లో చూపించిన రెండు పార్కింగ్ స్థలాలు గది వాడకం మొదలయ్యే ముందే తయారై ఎప్పటికీ అలాగే ఉండాలి. రెండు, గది ఇంటికి అనుబంధంగానే ఉండాలి, విడిగా అద్దెకివ్వడం గానీ విడి వ్యాపారం గానీ కుదరదు. ఆఫీసర్ రిపోర్టులో వీణ క్లాసుల గురించి ఒక పేరా ఉంది, ఇప్పుడు చెప్పిన స్థాయిలో ఉంటే ఇంటి స్వభావం మారదని. నాకు అసలు డెసిషన్ కంటే ఆ పేరానే విలువైంది, రెండూ కలిపి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టా.

జూలై, ఆగస్టు

ప్లానింగ్ అయిపోతే అయిపోయినట్టు కాదు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ వేరే డిపార్ట్‌మెంటు. ప్లానింగ్ వాళ్ళు ఊరి గురించి చూస్తారు, వీళ్ళు గోడ గురించి చూస్తారు. బిల్డింగ్ నోటీస్ అని తేలిక దారి ఉంది, డ్రాయింగులు ముందే పాస్ చేయించకుండా పని మొదలెట్టేయొచ్చు, కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి బాగాలేదంటే పీకాలి. మేం ఫుల్ ప్లాన్స్ (డ్రాయింగులు ముందే పాస్ చేయించుకునే దారి) పెట్టాం, కొంచెం లేటు, గుండె నిబ్బరం ఎక్కువ.

ఇన్‌స్పెక్టర్ మొట్టమొదట అడిగింది గ్యారేజీ డోరు కింద గొయ్యి తవ్వమని. డోరు ఉన్నచోట కొత్త ఇటుక గోడ లేస్తుంది కదా, దాని కింద పునాది ఉందో ఉత్త స్లాబే ఉందో చూడాలి. బిల్డర్ మనిషి స్లాబు అంచు కోసి తవ్వితే పక్క గోడల పునాది డోరు కింద కూడా సాగి ఉంది, ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఇనప కడ్డీ గుచ్చి చూసి ఓకే అన్నాడు. అది లేకపోయుంటే కొత్త పునాది పోయాలి, లేదా ఇటుక మానేసి తేలికపాటి చెక్క ఫ్రేము గోడతో సరిపెట్టాలి.

నేల ఇంటికంటే ఒక మెట్టు కింద ఉంది, అది మాకు కలిసొచ్చింది. స్లాబు మీద డ్యాంప్ ప్రూఫ్ షీటు, దాన్ని గోడల అంచుల్లో పైకి మడిచి ఇంటి డ్యాంప్ కోర్సుకి (నేల తేమ పైకెక్కకుండా గోడలో వేసే పొర) కలిపారు, దాని మీద 100 మి.మీ. పీఐఆర్ బోర్డు (వేడి పోకుండా ఆపే నురుగు పలక), పైన చిప్‌బోర్డు. నేలకి యూ వాల్యూ (వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 0.25 రావాలి, వచ్చింది. గోడలకి లోపలివైపు 0.30 కావాలి, ఒంటి ఇటుక గోడ అంటే వర్షం గాలికి తడి లోపలిదాకా వస్తుంది, కాబట్టి ఇటుకకి ఆనకుండా సందు వదిలి చెక్క ఫ్రేము నిలబెట్టి, మధ్యలో పీఐఆర్, వెచ్చని వైపు ఆవిరి అడ్డుకునే పొర, దాని మీద ప్లాస్టర్‌బోర్డు. గది చుట్టూ ఇలా దళసరి పెరిగి రెండున్నర మీటర్ల వెడల్పు కాస్తా తగ్గిపోయింది, అందుకే ఫర్నిచర్ కొనే ముందు ప్లాన్‌లో లోపలి కొలతలు కొత్తవి చూసుకోండి, పాతవి కాదు. కప్పులో 0.16.

ఈ గదికి దారి యుటిలిటీ లోంచి, అది మళ్ళీ వంటింట్లోంచి. అంటే వంటింట్లో మంటలొస్తే లోపలున్నవాళ్ళు చిక్కుకుపోతారు, అందుకని కిటికీ ఎస్కేప్ కిటికీ అయ్యుండాలి: తెరిచే భాగం 0.33 చదరపు మీటరు, ఎటు కొలిచినా 450 మి.మీ.కి తగ్గకూడదు, కింది అంచు నేల నుంచి 1,100 మి.మీ. మించకూడదు. ఆన్‌లైన్లో అందంగా కనపడిన కిటికీ ఒకటి ఆర్డర్ పెట్టబోతుంటే ఇన్‌స్పెక్టరే ఆపాడు, అది పైభాగమే తెరుచుకుంటుంది.

సెప్టెంబర్, అక్టోబర్

ఇటుకలతో నెలరోజులు పోయాయి. ముందు గోడ పాత ఇంటికి దగ్గరగా కనపడాలి కదా, క్లాస్ ఏ అదే అంటుంది, కానీ 1998 ఇటుక ఇప్పుడు తయారవట్లేదు. బ్రిక్ మ్యాచింగ్ చేసేవాళ్ళకి ఒక ఇటుక ముక్క పంపితే దగ్గరిది ఒకటి ఇచ్చారు, రంగు కుదిరింది గానీ మోర్టార్ కుదరలేదు, కొత్త సిమెంటు తెల్లగా ఉంటుంది, ఇసుక మార్చి శాంపిల్ వేసి ఆరాక పాతదాని పక్కన పెట్టి చూసి అప్పుడు కట్టారు. మేస్త్రీ పోలిష్ ఆయన, ఓపికమంతుడు. ఎదురింటి పెద్దాయన రోజూ టీ కప్పుతో నిలబడి చూసేవాడు, ఒకరోజు ఇసుక ఎక్కడ దొరుకుతుందో ఆయనే చెప్పాడు, దాంతోనే కుదిరింది.

ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడం మర్చిపోవద్దు, మాకు ప్రీమియం పెద్దగా మారలేదు.

గది ఆరాక వీణ పెట్టకుండా ముందు తేమ మీటరు ఒక్కటే పెట్టి వదిలేశాం. కొత్త ప్లాస్టరు నీళ్ళు కక్కుతుంది, మొదట్లో 70 శాతం పైనే చూపించింది, డీహ్యూమిడిఫైయర్ డబ్బా రోజూ నిండేది. మాకు కావల్సింది 50 దరిదాపుల్లో, అటూ ఇటూ పది పోయినా పర్లేదు, రాత్రీ పగలూ మధ్య ఊగకుండా ఉంటే చాలు. రేడియేటర్ పెట్టలేదు, గోడకి పల్చటి ఎలక్ట్రిక్ ప్యానెల్, అదీ వీణ ఉండే మూలకి ఎదురుగా. కిటికీ పైన సన్న వెంటు తప్పనిసరి, దాన్ని పూర్తిగా మూసేయకూడదు, కానీ పడమటి గాలి వీచినప్పుడు అది సన్నగా ఈల వేస్తోంది. మా ఆవిడ విని అది కాకలి నిషాదానికి కొంచెం తక్కువలో ఉందని తేల్చింది, మైకు పెడితే రికార్డింగ్‌లో వస్తోంది కూడా. శబ్దం తగ్గించే రకం వెంటు ఉంటుందట, ఆర్డర్ పెట్టా.

అక్టోబర్ నాటికి పరిస్థితి: గ్రావెల్ పని అయింది, ఫొటోలు తీసి కండిషన్ ప్రకారం పూర్తయిందని ఆఫీసర్‌కి మెయిల్ పెట్టా. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో అన్నీ బాగానే ఉన్నాయన్నారు, ఎలక్ట్రికల్ సర్టిఫికేట్ ఒక్కటి రావాలి, మా పని చేసింది పార్ట్ పీ (ఇంటి కరెంటు పనుల రూలు) కింద రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్, అది ఆయన ఇవ్వాలి, ఆయన సెలవు మీద స్పెయిన్ వెళ్ళాడు. అదొస్తే కంప్లీషన్ సర్టిఫికేట్ ఇస్తారు. శనివారం పిల్లలు ఇంకా ఫ్రంట్ రూములోనే కూర్చుంటున్నారు, కుంగిన రెండు మెట్ల సంగతి జనవరిలో ఇండియా వెళ్ళినప్పుడు గొల్లపల్లిలో చూపించాలి, వీణని విమానంలో ఎలా పట్టుకెళ్ళాలన్నది మళ్ళీ ఇంకో ప్రాజెక్టు, ముందు దానికి సరిపడే గట్టి పెట్టె ఒకటి చేయించాలి.